గోదావరిలో మా ఇంటి వంతు గురించి గుమ్ముల ఆశన్న రాసిన వీలునామా

కరీంనగర్ జిల్లా గంగంపేట కాపురస్తుడు, బెస్త కులస్తుడు, గుమ్ముల ఎల్లయ్య కొడుకు ఆశన్న అనే నేను, ఫుజైరాలోని రాళ్ల క్వారీ క్యాంపు నాలుగో నెంబరు గదిలో కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. పాస్‌పోర్టులో నా వయసు యాభై రెండు. అసలు వయసు అరవై దాటింది. ఊపిరి బాగా లేదు, మతి బాగుంది. చదువు నాలుగో తరగతి కాబట్టి తప్పులుంటాయి. దిద్దుతానని హయాత్ బాషా అన్నాడు, వద్దన్నాను. క్యాంపులో వంట చేసే ఈ కడప మనిషినే, ఈ కాగితంలో ఉన్నది జరిపించే పెద్దగా పెట్టుకుంటున్నాను.

ఒకటి. గంగంపేటలోని పెంకుటిల్లు, దాని వెనక జాగాతో సహా, నా భార్య బాలవ్వకు. ఆమె తర్వాతే పిల్లలకు. నేను పంపిన క్యాసెట్లు కూడా ఆమెవే. టేప్ రికార్డర్ ముందు మాట్లాడాలంటే నాకు సిగ్గు. వాటిలో ఎక్కువగా ఫ్యాను చప్పుడే ఉంటుంది. అయినా పారేయవద్దు. దగ్గు వచ్చిన చోట ముందుకు తిప్పుకోవచ్చు.

రెండు. నా బిడ్డ సమ్మవ్వకు, వల కుట్టే వెదురు సూది. వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకొని వచ్చాను. తొమ్మిదేళ్లలో దానితో ఒక్క వల కుట్టలేదు. చిన్నప్పుడు సమ్మవ్వ కుట్టు నా కుట్టు కంటే దగ్గరగా ఉండేది. అప్పుడు చెప్పలేదు.

మూడు. నా తమ్ముడు పోచన్నకు, అటక మీద ఉన్న కౌజు పిట్టల వల. నేను దుబాయ్ వచ్చిన ఏడాదే వాడు నా తెప్పను అడగకుండా తీసుకుపోయి బండకు కొట్టాడు. "అన్నా, తెప్పకు జర దెబ్బ తాకింది" అని ఉత్తరం రాయించాడు. సగం తెప్పే లేదని తర్వాత బాలవ్వ రాయించింది. ఆ కోపం ఇంకా పోలేదు. అయినా కౌజుల వల పరచడం వాడికి వచ్చినట్టు ఎవరికీ రాదు. కాబట్టి వాడికే.

నాలుగు. ఇది ఆస్తి కాదు, నేను చేసిన తప్పు. వీలునామాలో రాయవచ్చో లేదో తెలియదు.

మనిషి ఎక్కడ కాపురం పెట్టాలో మా నాయన నాకు నేర్పాడు. నీళ్లు దగ్గర ఉండాలి. నడిచిపోయేంత దూరంలో ముళ్లపొదల గుట్ట ఉండాలి. వరదకు వల వేయలేని రోజుల్లో గుట్టకు పోయి కుందేలో కౌజో పట్టుకోవచ్చు. గుట్ట ఎండిన రోజుల్లో నీళ్లు ఆదుకుంటాయి. 1976లో దుబాయ్ సత్వాలో ఒకే గదిలో పద్నాలుగు మందిమి ఉన్నప్పుడు కంపెనీ మనిషి వచ్చాడు. దుబాయ్‌లో బిల్డింగు పని, షార్జా రోలాలో గోదాం పని, ఫుజైరాలో క్వారీ పని, ఎవరికి ఏది కావాలి అన్నాడు. ఫుజైరాలో నీళ్లున్నాయా, గుట్టలున్నాయా అని అడిగాను. "ఏం మామా, అందరూ ఓవర్‌టైం ఎంతని అడుగుతాంటే నువ్వు చేపలు పడతాయా అని అడుగుతాండావే!" అని హయాత్ బాషా నవ్వాడు. రెండూ ఉన్నాయన్నారు. చెయ్యెత్తాను. నవ్వినవాడు కూడా నా వెనకే వచ్చాడు.

రెండూ ఉన్న మాట నిజమే. మొదటి నెలలో గుట్ట మీద కౌజుల కూత విన్నాను. పనికిరాని తీగ ముక్కతో ఒక ఉచ్చు పెట్టాను. ఫోర్‌మన్ చూసి, "షికార్ ఖలాస్! ఇంకోసారి చూస్తే నువ్వు యల్లా ఇండియా" అన్నాడు. తర్వాత బండలు పేల్చీ పేల్చీ పిట్టలే లేకుండా పోయాయి. సముద్రానికి ఒకే ఒక్క శుక్రవారం పోయాను. అక్కడి బెస్తలు ఒడ్డున నిలబడి పెద్ద వల లాగుతున్నారు. నేనూ తాడు పట్టాను. వాళ్ల మాట తెలియకపోయినా తాడు తెలిసింది. పోయేటప్పుడు గంపెడు చేపలు ఇచ్చారు. ఆ సాయంత్రం ఇంటికి ఉత్తరం రాశాను. ఊళ్లో దాన్ని నలుగురిలో చదివించుకున్నారట. "ఇంకా రాయమను" అని అందరూ అన్నారట.

మిగతా శుక్రవారాలన్నీ బట్టలు ఉతుక్కొని, నడుం వాల్చి, దగ్గుతూ గడిపాను. రాయడానికి ఇంకేమీ లేక ఆ ఒక్క శుక్రవారాన్నే తొమ్మిదేళ్లు రాశాను. చేప పేరు మార్చేవాణ్ని. కౌజులు కోళ్లలాగా గది ముందు తిరుగుతాయని కూడా రాశాను. వేటకు, చేపలకు ఫుజైరాను మించిన చోటు లేదని రాశాను. నా కొడుకు వెంకట్రాములు అదంతా నమ్మాడు.

ఐదు. గంగంపేట దగ్గరి గోదావరి మడుగులో చేపలు పట్టే వంతులు పదకొండు. అందులో ఒకటి మాది. ప్రతి ఏడూ మిరుగం, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, వంతున్న ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి నడుం లోతు దిగి, కులపెద్ద చూస్తుండగా ఒక వల విసరాలి. మనిషి దిగని ఇంటి వంతు దగ్గరి పాలివాళ్లకు పోతుంది, మళ్లీ రాదు. నేను లేని తొమ్మిదేళ్లూ వెంకట్రాములే దిగాడు. ఆ వంతు మొత్తం వాడికే రాసిస్తున్నాను. షరతు ఒక్కటే, వాడు ఊళ్లోనే ఉండాలి.

ఈ షరతు ఎందుకంటే, వాడికి ఇక్కడికి వీసా వచ్చింది. మూడేళ్ల కింద క్వారీ మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, అందరి ముందూ, నీ కొడుకును తెచ్చుకుంటావా అని అడిగాడు. నలుగురిలో కాదనలేక తల ఊపాను. ఆ తల ఊపడమే ఇప్పుడు వీసా అయింది. వద్దని ఉత్తరం రాస్తే వాడు క్యాసెట్ పంపాడు. "నాయినా, ముసలోనివి, నీకే గన్ని శాపలు వడితే నాకెన్ని వడాలె! వంతు చిన్నాయినకే పోనియ్. మనకు సముద్రమే ఉన్నది" అన్నాడు. వాడి వెనక బాలవ్వ ఏదో అంటోంది, వినపడలేదు. ఇక లాభం లేదని, రావద్దు అని టెలిగ్రాం కొట్టించాను. మా ఊరికి టెలిగ్రాం వచ్చిందంటే చావో జబ్బో అని అర్థం. నాకు ప్రాణం మీదికి వచ్చిందనుకొని వాడు ఉన్నపళంగా బొంబాయికి బయలుదేరాడు.

ఇంతవరకు రాసి గంజి తాగడానికి లేచాను. ఆఫీసు మనిషి వచ్చి చెప్పిపోయాడు. వెంకట్రాములు రేపు పొద్దున దుబాయ్‌లో దిగుతాడు, బండి పంపుతున్నారు. దిగగానే వాడి పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసు తీసుకుంటుంది. రెండేళ్లు కదలడానికి లేదు. మిరుగానికి ఇంకా పదమూడు రోజులే ఉంది. ఐదో నెంబరు కొట్టేద్దామని కలం పెట్టాను, చెయ్యి రాలేదు. అది అట్లాగే ఉండనివ్వండి. దాని తర్వాత ఇవి కూడా చదవండి.

ఆరు. వెంకట్రాములుకు, ఈ గదిలో నా మంచం, దుమ్ముకు ముక్కు కట్టుకునే గుడ్డలు ఆరు. కట్టుకోకుండా ఒక్క రోజు కూడా వాణ్ని పనికి పోనివ్వవద్దు. నేను మొదటి రెండేళ్లు కట్టుకోలేదు. ఈ కాగితంలోని నాలుగో నెంబరును హయాత్ బాషా వాడికి చదివి వినిపించాలి. నేను బతికున్నా సరే, ఆయనే చదవాలి. నా నోరు నాకు తెలుసు.

ఏడు. మిరుగం రోజున మా ఇంటి తరఫున బాలవ్వ నీళ్లలో దిగి వల విసరాలి. ఇంతవరకు ఏ ఇంటి ఆడమనిషీ దిగలేదు. అయితే దిగకూడదనే మాట మా నాయన నోట కూడా నేను ఎప్పుడూ వినలేదు. కులపెద్ద కాదంటాడు. పోచన్నా, నువ్వు నవ్వుతావు. నవ్వు, కానీ ఆమె విసిరేదాకా ఒడ్డున నిలబడు. వంతు నీకే పోతే ఇక్కడి నుంచి నేను చేయగలిగింది ఏమీ లేదు. మా క్యాంపులోని నెల్లూరు పీరా గురువారం సెలవు మీద పోతున్నాడు. మా ఊరు ఆయనకు దారి కాదు. "దానిదేముంది మామా, రైలు దిగి ఇచ్చిపోతాలే" అన్నాడు. ఈ కాగితానికి నకలు ఒకటి ఆయన చేతికి ఇస్తున్నాను.

బాలవ్వా, పెళ్లికి ముందు మీ ఊరి వాగులో నువ్వు వల విసరడం చూసే నేను ఒప్పుకున్నాను. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నడుం లోతు అవసరం లేదు, వాళ్లు ఏమన్నా సరే, నీకు మోకాళ్ల నొప్పి. మోకాలి లోతు చాలు. అడుగున బండ పాచి పట్టి ఉంటుంది. ఎడమ కాలు ముందు పెట్టు.

తేది 26 మే 1985, ఆదివారం, ఫుజైరా.

(సంతకం) గుమ్ముల ఆశన్న

ఆశన్న మా కళ్ల ముందు రాసి సంతకం చేశాడని సాక్షులు:
1. షేక్ హయాత్ బాషా, కడప జిల్లా
2. సయ్యద్ పీరా, నెల్లూరు జిల్లా