పిల్లల బడా, కుక్కపిల్లల బడా?

నర్సమ్మా,

బాగున్నవా? వచ్చే బతుకమ్మకు నువ్వు నన్నిడిచి పైకి పోయి యాడాది. నువ్వు మంచిగనే పోయినవు... ఈ బడిని నా నెత్తిన పెట్టి.

లడాయి పేరు చెప్పి దాణా పిరమైంది, బర్రెలు బక్కచిక్కినయి. పాలు పిండుడు అయితదో లేదో, మన జహనుమా బస్తీల ఉన్న పోరగాండ్లంత మన వాకిట్ల దిగుతరు. తల్లులు కూలికి పోతరు. పక్కింటి జైనబ్ బీ ఉర్దూ మాటలు చెప్తది. నీ జాగల తెలుగు చెప్పనీకి నేను కూసున్న. మూడో తరగతి దాటనోడు పంతులాయె! ఒకడు పానీ అంటడు, ఒకడు నీళ్లంటడు. ఇద్దరు నా ధోతి మీదనే పోస్తరు. గిదేం లొల్లే?

"ఏ ఇంట్ల దూపైనా పోరగాండ్లు నీళ్లడగాలె గద" అంటుంటివి. మస్తుగ అడుగుతున్నరు. తెచ్చేటోన్ని నేనొక్కన్నే.

గిది చాలదన్నట్టు, మొన్న బడులను చూసుకునే తాలీమాత్ దఫ్తర్ నుంచి ఒక సాబ్ వచ్చిండు. ఆయన ఇజాజత్ ఇయ్యకుంటె బడికి తాళమే. ఇదేందని అడిగిండు. జైనబ్ బీ భయంల నువ్వు పెట్టిన పేరే చెప్పింది, పిల్లల బడి అని. ఉర్దూల పిల్లా అంటె కుక్కపిల్లనాయె! సాబ్‌కు తెలుగు రాదు. కుక్కల్ని సాకుతున్నరా అని గుస్స చేసిండు.

నేను సముదాయించాలె... కని నా బుద్ధి ఊకుంటదా? పోరగాండ్ల దిక్కు చూసి కన్ను కొట్టిన. అందరొక్కసారే బౌ బౌ!

నువ్వుంటె చీపురు తిరగేస్తుంటివి. సాబ్ మొఖం మాడింది. ఉర్దూ ఒక్కటే ఉంచుండ్రి, లేకుంటె మూసుకోండ్రి అని లేచిండు. నువ్వు నిలబెట్టిన బడిని నేను ఒక్క కన్నుకొట్టుడుతోని పోగొట్టిన్నా?

అప్పుడు తాపీ మేస్త్రి బిడ్డ యాదమ్మ, నాలుగేండ్లది, గిలాసల నీళ్లు తెచ్చి ఆయన ముందట పట్టింది. నీళ్లు, అన్నది. ఆయన ఉలకలే పలకలే. పాపం చెవుడనుకున్నదో ఏమో, గట్టిగ పానీ అని ఒర్లింది.

సాబ్ దాన్నే చూసుకుంట మల్ల కూసున్నడు. గిలాస ఖాళీ చేసిండు. రెండు జబాన్లు ఉండనియ్యుండ్రి, ఆ పేరు మాత్రం మార్చుండ్రని చెప్పి పోయిండు.

పేరు మార్చిన. అదే మాట ఉర్దూల, బచ్చోంకా మదర్సా అని గోడ మీద రాయించిన. ఏం ఫాయిదా? ఇప్పుడు నన్ను చూస్తె చాలు, పిల్లా పిల్లా అని ఎగురుతరు. ఏ భాషల అంటున్నర్రా అంటె నవ్వుతరు. పొద్దుగాల నేనొకసారి మొరిగితె గని ఒక్కడు కూసోడు. ఈ వయసుల నాకిది అవసరమా, నువ్వే చెప్పు...

నువ్వు ఫికర్ చెయ్యకు. రేపు గూడ తలుపు తీస్త. మొరుగుత.

నీ కుక్కపిల్ల,
మైసయ్య