గుర్రాల గింజలతో నాన్న జావ

టూవూంబా, మంగళవారం

తమ్ముడు డెస్మండ్‌కి,

నాన్న పాదం తీసేయక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు, బెంగపడకు. షుగరు తగ్గాలని ఓట్స్ మాన్పించి, బాదం పొడి, గుమ్మడి గింజలు, అవిసె గింజలతో వేడివేడి జావ కాచాను. నాన్న గిన్నె తోసేశాడు.

"నలభై ఏళ్లు రేసుగుర్రాలకి పెట్టానే ఈ అవిసెలు! నన్నూ లాయంలో కట్టేస్తావా?"

"వాటి ఒళ్లు నిగనిగలాడేది కదా నాన్నా!" అన్నాను.

ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "అవిసెలు మూత పెట్టి ఉడికిస్తారటే ఎవరైనా? లే అవతలికి!" అని తనే పొయ్యి దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు రోజూ ఆయనే కాచి నాకూ పెడుతున్నాడు.

పిల్లల దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు మకడమియా పప్పు తే, తేనె మాత్రం వద్దు. ఇక తనకి అక్కర్లేదని నీకిచ్చేసిన బూట్లు కూడా తెమ్మన్నాడు నాన్న. రెండూ తేవాలట.

పిల్లలకి ముద్దులు.
అక్క మెర్ల్