మీ బావ బొటనవేలు

వేముల

తమ్ముడు గంగాధర్‌కు అక్క దీవెనలు.

ఉగాది తర్వాత గొర్రెల బేరగాణ్ణి తెస్తానన్నావు కదా, తేవద్దు! ఈ రోజు మీ బావ మంద వెంట నడిచాడు!

అప్పట్లో కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా అరిచేవాడు. "నడ్సలేనోనికి గొర్రెలెందుకు? అమ్మేద్దాం" అన్నందుకే నిన్ను బేరం చూడమన్నాను.

తర్వాత పులివెందులలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, ఇది గౌట్ అంది. ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీలులో సన్నని పలుకుల్లా పేరుకుందట.

"నేనేం పాపం చేస్తిని తల్లీ?" అన్నాడు మీ బావ.

"పాపం కాదప్పా. కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపడంల్యా. తాగుడు మానుకో, మాంసం తగ్గించు. నొప్పి పోయినా ఈ మాత్ర ఆపొద్దు" అంది.

ముందు వాపు తగ్గే మాత్రలు ఇచ్చి, ఆ తర్వాత రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టింది. మూడు నెలలయింది. ఈ పొద్దున నాకు చెప్పకుండా చెప్పులేసుకుని దొడ్డి తలుపు తీశాడు.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"యాడికేంది? గొర్రెలెంబడి!" అన్నాడు.

ఆ గొంతు వినగానే గొర్రెలన్నీ ఆయన మీద ఎగబడ్డాయి. నేను ఏడుస్తూనే నవ్వాను.

బేరగానికి సర్ది చెప్పు. నువ్వు మాత్రం ఎప్పుడూ తెచ్చే సీసా లేకుండా రా. మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మజ్జిగ తాగుతుంటే నేను చూడాలి.

మీ అక్క