మంచె మీద తమ్ముడు

అన్నా,

ఇది నీకు అందదని తెలిసే రాస్తున్నాను. మన తమ్ముడు ఈరన్న హైదరాబాదు నుంచి మన ఊరు ఖేడ్‌కు వచ్చాడు. నీలాగే వాడూ ఉర్దూలో ఎం.ఏ. పరీక్ష రాయాలి. నీలాగే నిద్ర లేదు. రాత్రంతా దీపం ముందు కూర్చుని ఒకే పేజీ తిప్పుతున్నాడు.

ఆ ఏడు నువ్వు ఇలాగే వస్తే, చదువు చెడకూడదని గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టింది నేనే. "జరసేపు చేనుకు పోయొస్త తమ్మీ" అని నువ్వడిగావు. "చదువుకున్నోనికి మట్టి పనేందన్నా" అని నవ్వాను. చివరికి నిన్ను ఆ గదిలోంచి పాడె మీద, మా భుజాల మీదే బయటికి తెచ్చాం.

ఈసారి అమ్మ పుస్తకాల పెట్టె మూసి, వాడి చేతికి వడిసెల ఇచ్చింది.

"పో బిడ్డా, జొన్నచేన్ల మంచెక్కి పిట్టల కొట్టు. ఇగ పుస్తకం ముట్టకు."

నాలుగు రోజులుగా పిట్టల్ని అదిలించే వాడి కేక బావి దగ్గరికి వినిపిస్తోంది. అది వినబడినంతసేపే నాకు నెమ్మది.

ఇవాళ మధ్యాహ్నం కేక ఆగిపోయింది. మోట వదిలేసి పరుగెత్తాను. మంచె ఎక్కి చూశాను. వాడు నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. చుట్టూ పిట్టలు కంకుల మీద గుంపులుగా వాలి జొన్నలు తింటున్నాయి.

వడిసెల నా కాలి దగ్గరే ఉంది అన్నా. నేను తీయలేదు.