జీతం అంటే గోతి కాదన్నా

విజయనగరం నుంచి

మా అన్న కొండన్నకు తమ్ముడు సోమన్న దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు కులాసాయేనా? నీ సంగతి మాత్రం అడగను. నువ్వు గొడ్డలి నూరుకుంటున్నావని విన్నాను.

హుకుంపేట సంతకు ఉప్పు వేసుకెళ్లే అప్పన్న నిన్న కాలేజీకి వచ్చి నీ కబురు చెప్పాడు. "సోవన్న ఎవులింట్లోనో జీతానికి కుదిరిపోనాడట. ఆడి బదులు నాను సేత్తాను, ఆడిని ఇంటికి పంపీమను. నాకు అలవాటైన పనే." ఇదీ నీ మాట. వచ్చే సంత కాగానే కొండ దిగుతావట. అప్పన్న రేపు తిరిగి వెళ్తున్నాడు. అందుకే ఈ ఉత్తరం రాసి అతని చేతికే ఇస్తున్నాను.

చిక్కంతా ఒక్క మాటతో వచ్చింది. పోయినసారి అప్పన్నతో "అమ్మగారు నా జీతం కడుతున్నారు" అని చెప్పి పంపాను. ఇక్కడ బడికీ కాలేజీకీ కట్టే సొమ్మును జీతం అంటారు. మన దగ్గర జీతం అంటే ఒకరింట్లో చాకిరీయే కదా. అప్పన్న ఘాటీ ఎక్కేసరికి ఉప్పు తడవలేదు గాని మాట తడిసిపోయింది.

అన్నా, నేను గోతికి పోలేదు. సావుకారి దగ్గర సొమ్ము తెచ్చుకోవడం, అది తీరేదాకా వాడి ఇంట్లో పడి ఉండడం, అదేమీ కాదు. దీన్ని స్కాలర్‌షిప్పు అంటారు. తిరిగి కట్టనక్కర్లేదు. ఎవరికీ చెయ్యనక్కర్లేదు. నా చేత వేలిముద్ర కూడా వేయించుకోలేదు.

నువ్వు నమ్మవని తెలుసు. నేనూ నమ్మలేదు. పార్వతీపురంలో హైస్కూలు చదువు అయ్యాక హెడ్మాష్టరుగారు పంపిస్తే విజయనగరం వచ్చి ఈ అమ్మగారి గుమ్మం ఎక్కాను. ఆవిడ భర్త ప్లీడరు, కాలం చేశారు. పిల్లలు లేరు. "కాలేజీలో చేరు. జీతం, పుస్తకాలు, తిండి నేను చూసుకుంటాను" అన్నారు. మర్నాడు పొద్దుటే వెళ్లి వాళ్ల పెరట్లో ఉన్న మొద్దులు చీల్చడం మొదలుపెట్టాను. అమ్మగారు బయటికి వచ్చి నిలబడిపోయారు.

"ఏంట్రా నువ్వు చేస్తున్నది?"

"సొమ్మిస్తన్నారు కదండీ. ఇంకేటి పనులున్నాయో సెప్పండి" అన్నాను.

"నీ పని కాలేజీలో ఉంది. గొడ్డలి అక్కడ పెట్టి వెళ్లు. పరీక్ష తప్పేవంటే మాత్రం ఈ మొద్దులన్నీ నీ చేతే చీల్పిస్తాను."

తర్వాత తెలిసింది. ప్లీడరుగారు చిన్నప్పుడు బీదవారట, వారాలు చేసుకుని చదివారట. వారాలంటే రోజుకొకరి ఇంట్లో భోజనం. "బుధవారానికి ఇల్లు దొరకలేదురా ఆయనకి. ఆ వేళ మంచినీళ్లు తాగి పుస్తకం పట్టుకునేవారు" అని అమ్మగారు చెప్పారు. అందుకని తాను చదివిస్తున్న పిల్లలందరికీ బుధవారం నాడు తానే వండి పెడతారు. నా విస్తరి అరుగు మీద వేస్తారు. వాళ్ల ఆచారం వాళ్లది. కాని పక్కనే పీట వేసుకుని కూర్చుని, నేను లేచేదాకా తాను ముట్టరు. ఇంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదన్నా. ఆవిడకు చదవడం రాదు. నా పుస్తకాలకు అట్టలు మాత్రం తానే వేస్తారు.

చదువు బాగానే సాగుతోంది. నన్ను మొదట్లో "కొండోడా" అని పిలిచినవాళ్లు, లెక్కల పరీక్ష అయ్యాక సోమన్నా అంటున్నారు. ఉక్క మాత్రం భరించలేను. రెండు పూటలా వరన్నమే. చోడంబలి తాగనిదే తిన్నట్టుండదు, నువ్వు నవ్వినా సరే. సాయంత్రం పడమటి వైపు మబ్బు పట్టిందంటే మన కొండే అనుకుని కాసేపు చూస్తూ నిలబడతాను. అప్పుడు బెంగగా ఉంటుంది. దిగులు పడకండి, మళ్లీ పుస్తకం తీస్తే పోతుంది.

నీ కబురు నిన్న సాయంత్రం అమ్మగారికి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "అలవాటైన పనే అన్నాడా? మీ అన్న ఇదివరకు ఎవరింట్లోనైనా చేసేడా?" అని అడిగారు. చెప్పాను. అయ్య జబ్బుకు తెచ్చిన సొమ్ముకు సావుకారు గోతికి అడిగింది నన్ను. నువ్వు "గుంటడు బడికెల్తన్నాడు, నానొస్తాను" అని గొడ్డలి భుజాన వేసుకుని వాడి వెంట వెళ్లిపోయావు. నిరుడు పంటలయ్యాక గాని నిన్ను వదల్లేదు.

అమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "అయితే నేనిచ్చేది రెండో స్కాలర్‌షిప్పురా. మొదటిది మీ అన్న ఇచ్చేడు" అన్నారు.

అన్నా, కాలేజీలో అందరూ అమ్మగారిని పొగుడుతారు. నేనూ పొగుడుతాను. నిన్ను పొగిడే మాట ఇంతవరకు నాకు ఎవరూ నేర్పలేదు. నిన్న ఆవిడ నేర్పారు.

అమ్మ కాళ్లకు నా దండం. జాకరమ్మకు నా పేర మొక్కండి, పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మేష్టారికి నమస్కారాలు. మేష్టారూ, జీతం అన్న మాట వచ్చినచోట కాస్త నెమ్మదిగా చదవండి.

నిన్ను రావద్దని రాయను. రా. బుధవారం నాటికి చేరుకో, అమ్మగారు నీకూ విస్తరి వేస్తానన్నారు. మూటలో కాస్త చోడిపిండి తెచ్చిపెట్టు. గొడ్డలి మాత్రం ఇంట్లో పెట్టి రా.

నువ్వు బడికి పంపిన తమ్ముడు,
సోమన్న