వెనక సీటు లేని కారు

మన్సూరాబాద్,
సోమవారం.

వెన్నెల కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి బాపిరాజు గారికి,

నమస్కారం. నేను పార్కు పక్క సందులో ఉండే బాలకృష్ణ గారి అమ్మాయిని, ప్రవీణను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ చెబుతాను. మొన్న మీకు ఫోన్ చేస్తే, "నోటిమాట మీద సంఘం ఏ పనీ చెయ్యదమ్మా, రాసి ఆఫీసు పెట్టెలో వెయ్యండి" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన వారం నేనొక స్పోర్ట్స్ కారు కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది, ఎర్రది. తొందరపడి కొనలేదు. ఏడాదిగా సెలవు దొరికినప్పుడల్లా తిరిగి చూశాను. బాగా వేగంగా పోయేవి వద్దనుకున్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో అంత వేగం పెట్టుకుని ఏం చేస్తాం? తేలికగా ఉండి, చిన్న ఇంజిన్‌తో, చేత్తో గేరు వేసుకునే కారు కావాలనుకున్నాను. మెల్లగా పోతున్నా జోరుగా పోతున్నట్టు అనిపించాలి. ఇది అలాంటిదే. కొత్తపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినా ఇందులో నాకు విసుగు రావడం లేదు. సిటీ బస్సు చక్రం నా చెవి పక్కనే ఉంటుంది. కిటికీలోంచి ఎవరో ఒకరు కిందికి చూసి పలకరిస్తారు.

ఒక్కటే ఇబ్బంది. కారు బాగా కిందికి ఉంటుంది. పార్కు ముందున్న స్పీడ్ బ్రేకర్ దాని పొట్టకు తగులుతోంది. కాలనీలోంచి బయటికి వేరే దారి లేదు. దయచేసి దాని ఎత్తు కొంచెం తగ్గించగలరు.

మీ జవాబు కోసం చూస్తూ,
ప్రవీణ

తా.క. పొట్ట తగిలినప్పుడు వచ్చే చప్పుడుకు పార్కులో ధ్యానం చేసుకుంటున్న పెద్దలు కళ్ళు తెరుస్తున్నారు. వారికి నా క్షమాపణలు చెప్పగలరు.


వెన్నెల కాలనీ సంక్షేమ సంఘం,
గురువారం.

కుమారి ప్రవీణ గారికి,

మీ విన్నపం అందినది. కార్యవర్గ సమావేశంలో చదివి వినిపించడమైనది.

నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన వాణ్ణి కాబట్టి స్థలాన్ని స్వయంగా పరిశీలించాను. సదరు స్పీడ్ బ్రేకర్ మీదుగా ఆటోలు, నీళ్ళ ట్యాంకరు, గ్యాసు బండి ఏ ఇబ్బందీ లేకుండా వెళుతున్నాయి. మీ కారు ఒక్కటే తగులుతున్నది. కావున లోపం స్పీడ్ బ్రేకర్‌లో లేదనీ, కారులో ఎక్కుతున్న జనంలో ఉన్నదనీ కార్యవర్గం అభిప్రాయపడింది. మీది పెద్ద కుటుంబమని అందరికీ తెలిసినదే. ఒక్కసారికి ఎంతమంది ఎక్కుతున్నారో తెలుపగలరు. ఈలోగా సగం మందిని స్పీడ్ బ్రేకర్‌కు ఇవతల దింపి, దాటిన తరువాత మళ్ళీ ఎక్కించుకోవలసినదిగా సూచన.

పరిశీలనలో ఇంకొక సంగతి బయటపడింది. స్పీడ్ బ్రేకర్ ఒక పక్క బాగా అరిగి ఉన్నది. ఇన్నాళ్ళూ ఎవరూ మా దృష్టికి తేలేదు. తెచ్చినందుకు సంఘం మీకు కృతజ్ఞతలు తెలుపుతూ, వెంటనే మరమ్మతు చేయించాలని తీర్మానించింది.

కాలనీ సేవలో,
బాపిరాజు, కార్యదర్శి

తా.క. మా ఆవిడ ఇందిరాదేవి బాల్కనీలోంచి మీ కారును చూసిందట. పైన ఏదో ఊడిపోయినట్టుందని చెప్పమంది. చూసుకోండి.


శుక్రవారం.

బాపిరాజు గారికి నమస్కారాలు.

నా కారులో జనం ఎక్కువ లేరండీ. నేనొక్కదాన్నే ఉంటాను. అందులో ఉన్నవే రెండు సీట్లు. వెనక సీటు లేదు. ఆ కారు అలాగే తయారైంది.

ఇది మా ఇంట్లో వాళ్ళకు కూడా ఆలస్యంగా తెలిసింది. పూజ చేయించిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. కొత్త బండి వస్తే ఇంటిల్లిపాదీ అందులోనే గుడికి వెళ్ళడం మా ఆచారం. పెద్దనాన్న వాళ్ళతో సహా అందరూ పట్టుబట్టలు కట్టుకుని వచ్చి నిలబడ్డారు. మా నాన్న కారు చుట్టూ తిరిగారు. వెనక తలుపు కోసం ఇంకోసారి తిరిగారు.

"మేమంత ఏడ కూసోవాలె బిడ్డా?" అన్నారు.

"రెండే సీట్లు నాన్నా."

"గింత పైస వెట్టి సగం కారు తెచ్చినవా?"

చివరికి పెద్దరికం చూసి మా నాయనమ్మ సత్తెమ్మను నా పక్కన కూర్చోబెట్టారు. మిగతా వాళ్ళంతా మా ట్రాక్టర్ ఎక్కి వెనక వచ్చారు. మాకు పొలాలు పోయి చాలా కాలమైంది గానీ ట్రాక్టర్ పోలేదు. నాన్న దాన్ని అమ్మనివ్వరు. గుడి దగ్గర నాయనమ్మకు కారులోంచి లేవడం రాలేదు. "ఇది కారు గాదే పిల్లా, బాయి. దిగుడే గని ఎక్కుడు లేదు" అంది. పూజారి గారు మంచివారు. కారు పూజతో పాటు ఆమె అర్చన కూడా అక్కడే చేశారు.

ఆ సాయంత్రం నాన్న ఒక మాట అన్నారు. "దసరా దాంక చూస్త. గప్పటికి గీ బండి ఎవ్వల సాయం లేకుంట కాలనీ దాటాలె. దాటకపోతె వాపస్ ఇచ్చి, అందరం ఎక్కే బండి తెస్త." నాన్న అంటే అన్నట్టే చేస్తారు.

కాబట్టి నేను అడిగింది మరమ్మతు కాదండీ. ఎత్తు తగ్గించమని. ఈ తేడా కార్యవర్గానికి మరోసారి వివరించగలరు.

గౌరవంతో,
ప్రవీణ

తా.క. పైన ఏమీ ఊడిపోలేదని ఇందిరాదేవి ఆంటీకి చెప్పగలరు. అది పైకప్పు. నేనే మడిచి పెట్టాను.


వెన్నెల కాలనీ సంక్షేమ సంఘం,
మంగళవారం.

చి. ప్రవీణకు,

నీ రెండో ఉత్తరం సమావేశంలో చదివి వినిపించాను. "గారు" అని రాయడానికి కూడా నాకు మనసు రాలేదు. కాలనీ ఆడపిల్లకు ఇంత అన్యాయం జరిగితే లాంఛనాలేమిటి?

వెనక సీటు లేదన్నావు. పైకప్పు నిలవదన్నావు. అడుగు నేలకు తగులుతోందన్నావు. అమ్మా, ఏడాది తిరిగి కొన్నానని నువ్వు అనుకుంటున్నావు గానీ, నిన్ను నిలువునా మోసం చేశారు. అధ్యక్షులు రామమోహనరావు గారు, నేను, మరి కొందరం కలిసి ఎల్బీనగర్‌లో నీకు కారు అమ్మిన ప్రసన్నకుమార్ దుకాణానికి వెళ్ళాం.

"మిగతా సగం ఎప్పుడిస్తావయ్యా?" అని రామమోహనరావు గారు నిలదీశారు.

"మిగతా సగం ఉండదు సార్, అది అంతే" అన్నాడతను.

"చదువుకున్న పిల్ల కాబట్టి మర్యాదగా ఊరుకుంది. మేమూరుకోం."

అతను ఫోనులో ఏవేవో కార్ల బొమ్మలు చూపించాడు. వాటికీ వెనక సీట్లు లేవు. అంటే ఇది చాలాకాలంగా జరుగుతున్న మోసమని మాకర్థమైంది. మేము కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కొనడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి వెళ్ళిపోతున్నారు. చివరికి, కారు ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకుంటానని ఒప్పుకున్నాడు.

ఈ శుభవార్త మీ నాన్నగారికి మేమే స్వయంగా చెప్పాం. ఆయన మా అందరికీ చాయ్ ఇప్పించారు. ఈ కాలనీకి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నాతో నవ్వుతూ మాట్లాడటం ఇదే మొదలు.

స్పీడ్ బ్రేకర్ మరమ్మతు కూడా నీ కోరిక మేరకు పూర్తయింది. రామమోహనరావు గారు తమ ఇంటి పనిలో మిగిలిన సిమెంటు ఇచ్చారు. కాస్త ఎక్కువైంది. పారబోయడం దేనికని అంతా దాని మీదే వేయించాం.

నీ మేలు కోరే,
బాపిరాజు

తా.క. పసుపు రంగు కూడా వేయించాం. నీ కారు అడుగుకు అంటితే కిరోసిన్‌తో తుడువు, పోతుంది.


బుధవారం.

బాపిరాజు గారికి,

పెద్దవాళ్ళకు కోపంగా రాయడం నాకు చేతకాదు. అందుకని జరిగింది మాత్రం రాస్తాను.

ఈ ఉదయం నా కారు మీ కొత్త స్పీడ్ బ్రేకర్ ఎక్కింది. దిగలేదు. నడిమధ్యన కూర్చుండిపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాలు తిరిగాయి, కారు కదల్లేదు. పార్కులోంచి అందరూ వచ్చారు. "జర లెఫ్ట్‌కు కొట్టు మేడమ్" అని ఒకరు, "అలా కాదండీ, వెనక్కి రండి" అని ఒకరు. వెనక నీళ్ళ ట్యాంకరు హారన్ కొడుతోంది. చివరికి నలుగురూ పట్టి కారును ఎత్తి అవతల పెట్టారు. నేను లోపలే ఉన్నాను. క్లాసుకు ఆలస్యంగా వెళ్ళాను. ఈ రోజు చెప్పాల్సిన పాఠం, ఆస్తుల తరుగుదల.

ఇదంతా మా నాన్న మిద్దె మీద నుంచి చూశారు. సాయంత్రం, "దసరా దాంక ఎందుకు బిడ్డా? శుక్రవారం మంచిగున్నది. ఇచ్చేద్దం" అన్నారు. ఆయన ఆ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మీకు ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. జీతం మొదలైనప్పటి నుంచి ఏం కొన్నా ఇంటికి పనికొచ్చేదే కొన్నాను. ఫ్రిజ్జు, ఇన్వర్టరు, నాయనమ్మకు చెవి మిషను, ఆఖరికి ట్రాక్టర్‌కు టైర్లు కూడా. ఒక్క వస్తువు కొనేటప్పుడైనా "ఇది అందరికీ పనికొస్తుందా" అని ఆలోచించకుండా ఉండలేదు. ఎవరికీ అవసరం లేనిది నేను కొన్నది ఈ కారు ఒక్కటే. అందుకే నాకిది కావాలి. పొద్దున ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా, ఆ కాసేపూ నేను ఎవరికీ ఏమీ కాను. గేరు మారుస్తూ పోతుంటాను, అంతే.

మీరు నా మేలు కోరే ఇదంతా చేశారని నాకు తెలుసు. ఇక నా మేలు కోరడం ఆపి, ఆ స్పీడ్ బ్రేకర్ ఎత్తు తగ్గించండి. గురువారం లోపల తగ్గిస్తే నాన్నకు చూపించుకుంటాను.

ఇంతకంటే ఎలా అడగాలో తెలియక,
ప్రవీణ

తా.క. కారు తాళం ఇప్పటికే నాన్న జేబులోకి వెళ్ళింది. రేపటి నుంచి మళ్ళీ బస్సులో పోతాను. బస్సులో ఒక సుఖం ఉంది. స్పీడ్ బ్రేకర్ ఉన్నట్టే తెలియదు.


ఆ పై గురువారం.

అమ్మా ప్రవీణా,

వారం ఆలస్యంగా రాస్తున్నాను. ఇది సంఘం కాగితం కాదు, గమనించావు కదా. ఇందులో విషయాలు సంఘం రికార్డుకు ఎక్కనవసరం లేదు.

నువ్వడిగిన గురువారం లోపల నేనేమీ చేయలేకపోయాను. శుక్రవారం తెల్లవారేసరికి మా ఇంటి తలుపు కొట్టారు. తీస్తే మీ నాన్నగారు. నువ్వు లేవకముందే కారు ఇచ్చేసి రావాలని ఒక్కరే బయల్దేరారట. "బిడ్డ ముంగట ఇస్తే ఏడుస్తది సారూ. నాతోని కాదు" అన్నారు. కారు స్పీడ్ బ్రేకర్ మీద ఉంది. కట్టించింది నేనే కాబట్టి నన్ను లేపారు.

నేను రెండు పొడుగాటి చెక్కలు తెచ్చి అటూ ఇటూ వాలుగా వేశాను. కారు దాటింది. నేను నమస్కారం పెట్టి వెనుదిరిగాను.

"ఎక్కుండ్రి సారూ," అన్నారు. "ఆడ కాయితం రాయిస్తడు. నాకు సదువు రాదు. సదివెటోళ్ళు కావాలె గద."

ఎక్కాను. ఎక్కానంటే, జారాను. మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి. ఎల్బీనగర్ వెళితే ప్రసన్నకుమార్ షట్టర్ దించి ఉంది. ఊరికే నిలబడటం దేనికని, పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్ళి తిరిగి వద్దామన్నారు మీ నాన్నగారు. హైవే ఖాళీగా ఉంది. వనస్థలిపురం దాటాక ఆయన బండి ఆపి, "గా పైది ఎట్ల తీస్తరు?" అన్నారు. ఇద్దరం కష్టపడి పైకప్పు మడిచాం. ఇక పెద్ద అంబర్‌పేట్ దాకా ఆయన గేరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అక్కడ చాయ్ తాగుతూ, "గిది అచ్చం ట్రాక్టర్ లెక్కనే ఉన్నది సారూ" అన్నారు. "గాలి మొఖానికి కొడ్తది. గేరు చేతికి తెలుస్తది. కింద రోడ్డు ఎట్లున్నదో నడుముకు తెలుస్తది. గీ ముచ్చట మా పిల్ల ముందుగాల చెప్పొద్దా?"

తిరిగి వస్తూ చూస్తే దుకాణం ఇంకా తెరవలేదు. ఇంటికి వచ్చేశాం. శనివారం మళ్ళీ వెళ్ళాం. తెరవలేదు. ఆదివారం తెరవరని తెలిసి కూడా, ఎందుకైనా మంచిదని వెళ్ళాం. అప్పటి నుంచి రోజూ వెళుతున్నాం. "షాపు తెరవలే బిడ్డా" అని ఆయన నీతో చెబుతున్నది అబద్ధం కాదు, నేనే సాక్షిని. నాలుగో గేరు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో ఇప్పుడు మా ఇద్దరికీ అభిప్రాయభేదాలు కూడా ఉన్నాయి. మన్సూరాబాద్‌లో పుట్టినప్పటి నుంచి ఉన్న మనిషి, భీమవరం నుంచి వచ్చిన నేను, ఇన్నేళ్ళలో మురుగు కాలువ గురించి తప్ప మాట్లాడుకోలేదంటే నమ్ముతావా?

ఈ ఉదయం చెక్కలు వేస్తుంటే మీ నాన్నగారికి విసుగొచ్చింది. "గీ పలుకలు రోజు ఎవడు మోస్తడు సారూ?" అన్నారు. "రోజు" అన్న మాట ఇద్దరమూ విన్నాం, ఇద్దరమూ విననట్టు ఊరుకున్నాం. ఆయన ఇంటికి వెళ్ళి గడ్డపార తెచ్చారు. స్పీడ్ బ్రేకర్ తొలగించాలన్న తీర్మానాన్ని నేను ప్రతిపాదించాను, ఆయన బలపరిచారు. కోరం లేదు గానీ గడ్డపార ఉంది. నువ్వు క్లాసుకు బయల్దేరేసరికి దారి నున్నగా ఉంటుంది.

తాళం ఈ కవర్లోనే పెట్టాను. మీ నాన్నగారే ఇచ్చారు. ఆయన తరఫున ఒక్క విన్నపం: ఉదయం ఏడు గంటల దాకా కారు మాకు ఉండాలి, ఆ తరువాత రోజంతా నీది. పెట్రోలు మేమే పోయిస్తాం. అంగీకారమైతే తాళం రాత్రిపూట గుమ్మం పక్క మేకుకు తగిలించు. కాగితం మీద రాయనవసరం లేదు.

నీ కారులో రెండో సీటు మనిషి,
బాపిరాజు

తా.క. దుకాణం ఎన్ని గంటలకు తెరుస్తారో షట్టర్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మీ నాన్నగారికి చదువు రాదు. నేను కళ్ళజోడు తీసుకెళ్ళడం లేదు. రేపు కూడా తీసుకెళ్ళను.