వానకు పనికొచ్చే బైనాక్యులర్స్

సెప్టెంబర్ 28

స్వెర్ వచ్చాడు. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు చెప్పాడు. కప్పు కడుగుతున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఏదో పాడు మాట మోసుకొచ్చాడని.

ఈ నవంబర్ వేటకి బోటులో నా చోటు ట్రెంట్‌కి ఇస్తున్నాడట. ట్రెంట్ అంటే అతని అల్లుడు. ఎక్కడో దక్షిణాన ఎండ పుష్కలంగా ఉన్న ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక అలాస్కాలోని మా దీవికి వచ్చిపడ్డవాడు. వాన పడితే గొడుగు వెతుక్కుంటాడు. ఇక్కడ గొడుగు వేసుకున్నవాణ్ణి జనం ఆగి చూస్తారు.

నువ్వు ఈ ఏడు రెస్ట్ తీసుకో వదినా, నీ వాటా మాంసం నీకు తెచ్చిస్తాగా అన్నాడు. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టాడు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి వేట సీజన్‌లో ఆ బోటు ముందు సీటు నాది. మా ఆయన ఓడ్వార్ ఇంజిన్ దగ్గర, ఆయన తమ్ముడు స్వెర్ మధ్యలో, నేను ముందు, మెడలో బైనాక్యులర్స్. ఆయన పోయాక స్వెర్ ఇంజిన్ దగ్గరికి జరిగాడు. నేను జరగలేదు. మా ఇంట్లో ఒకటే రూలు: జింకను ముందు ఎవరు చూస్తే వాళ్ళ మాటే మాట. వాళ్ళు మగదంటే మగది. తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా సరే.

ఆ రూలే పోయినేడు నా మెడకు చుట్టుకుంది. ఇక్కడ మగజింకనే కొట్టాలి. ఆ రోజు సన్నవాన, అడవి అంచున బురదనేల. చూశాను, కొమ్ములు కనిపించాయి, మగదే అన్నాను. స్వెర్ కాల్చాడు. దగ్గరికెళ్తే ఆడది. నేను కొమ్ములనుకున్నవి దాని వెనక చెట్టు ఎండుపుల్లలు. మేమే వెళ్ళి అటవీ ఆఫీసర్‌కి చెప్పుకున్నాం. మాంసం పట్టుకుపోయారు. స్వెర్‌కి జరిమానా పడింది, పేపర్లో పేరు కూడా పడింది. నా పేరు పేపర్లో పడలేదు, ఊరందరి నోళ్ళలో పడింది.

అతని తుపాకీ మీద కూడా గురి చూసే అద్దం ఉంది. అందులోంచి చూసే కాల్చాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.


అక్టోబర్ 1

పోస్టాఫీసులో గన్నార్ ముసలాడు అందరి ముందూ నన్ను ఆపాడు. రాగ్నా, కాస్త నన్ను చూసి చెప్పు, నేను మగా ఆడా అన్నాడు.

ఆ సంగతి మీ ఆవిడే ఇంకా తేల్చుకోలేదటగా అన్నాను.

అందరూ నవ్వారు. నాకే నవ్వు రాలేదు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని కోపంతో ఏడ్చాను. ఏడ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది.


అక్టోబర్ 2

నిజంగానే నా కళ్ళు పోయాయా?

వసంతంలో కళ్ళ డాక్టర్ ఫెర్రీలో వచ్చినప్పుడు చూపించుకున్నాను. ఈ వయసుకి ఇంత మంచి చూపు నేను చూడలేదమ్మా అన్నాడు. ఆ మాట స్వెర్‌కి చెబితే, డబ్బులు తీసుకున్నవాడు ఇంకేమంటాడు వదినా అన్నాడు.

ఇంట్లో కిటికీ దగ్గర నించుని అవే పాత బైనాక్యులర్స్‌తో చూస్తే నీళ్ళకి అవతల కట్టేసిన పడవ పేరు అక్షరం అక్షరం చదవగలను. అదే వానలో, చలిలో, అడవి అంచున అయితే అంతా పాలనీళ్ళు. ఇంట్లో కనిపించి వేటలో కనిపించకుండా పోయే కళ్ళు ఉంటాయా అని డాక్టర్‌ని అడిగాను. ఆయన భుజాలెగరేశాడు. భయం వల్ల కావచ్చు అన్నాడు.

నాకు భయమట. ఎలుగుబంటి ఎదురైన రోజు గుక్క తిప్పుకోకుండా దాన్ని తిట్టి తరిమినదాన్ని.

కానీ ఈ వేసవంతా కూర్చుని ఆలోచిస్తే, కళ్ళు పోయాయన్నదే నిజమని నాకూ అనిపించింది. అందరూ ఒకటే మాట అంటుంటే మనకి మనమే అబద్ధంగా కనిపిస్తాం.


అక్టోబర్ 5

కొత్తవి కొంటాను. చూపు తగ్గితే అద్దం పెరగాలి, అంతే. నవంబర్ లోపు స్వెర్ కళ్ళముందే రుజువు చేసి నా సీటు నేను తీసుకుంటాను.


అక్టోబర్ 6

లూయెల్లా హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. దీవిలో ఉన్నది అదొక్కటే. మేకుల దగ్గర్నుంచి శవపేటిక పిడుల దాకా అన్నీ దొరుకుతాయి. ఆమె నోరు కూడా మేకుల డబ్బానే.

అన్నిటికన్నా ఖరీదైనవి చూపించమన్నాను. చూపించింది. అందులోంచి చూస్తే ఎదురుగోడ మీది క్యాలెండర్ నా ఒళ్ళో కూర్చున్నట్టుంది. ధర చెప్పింది, తిరిగి ఇచ్చేశాను. అవి కొన్నావంటే బోటు తిరగబడ్డప్పుడు నువ్వు ఈత మానేసి వాటినే పట్టుకుంటావే అంది. మరీ చవకవి మొదటి వానకే కళ్ళు మూసుకుంటాయట. నీకు మధ్యరకం చాలు, మూడు నాలుగు వందల డాలర్లలో బంగారం లాంటివి వస్తాయి అంది.

పది రెట్లు పెద్దగా చూపించేది కావాలన్నాను. పది రెట్లంటే నీ చేతి వణుకు కూడా పది రెట్లు పెరుగుతుంది, బోటులో కూర్చుని ఏం చూస్తావు, ఎనిమిది చాలు, పైగా మబ్బులో వెలుతురు బాగా వస్తుంది అంది. నిజమే. మాకు వానరోజు మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టే వేళ. మరీ పెద్ద అద్దాలున్నది కూడా వద్దంది. రోజంతా మెడకు రాయి కట్టుకుని తిరగలేవు కదా అంది.

చేతి తొడుగులతో ఫోకస్ చక్రం తిరగాలి. పైన రబ్బరు తడిచేతికి జారకూడదు. కళ్ళ దగ్గర అద్దాలకి వాన పడకుండా మూత ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం సీలు అంది. లోపల మామూలు గాలి ఉండదట, తడి లేని గ్యాస్ నింపి మూసేస్తారట. అందుకే చలిలో లోపల ఆవిరి పట్టదు. ఆ సీలు ఊడిందంటే రాజుగారి బైనాక్యులర్స్ అయినా సీసా అడుగులే అంది.

అవునవును అని తలూపాను. నా బుర్ర రెట్ల లెక్క దగ్గరే ఆగిపోయింది.

మూడు జతలు తీసుకెళ్ళి వానలో చూసి నచ్చింది కొనుక్కోమంది. నా షాపులో చూస్తే అన్నీ పెళ్ళికూతుళ్ళే అంది.


అక్టోబర్ 7

వాన.


అక్టోబర్ 10

మూడిట్లో ఒకటి తిరిగిచ్చేశాను. కళ్ళ దగ్గరి రబ్బరు గట్టిది, కనుబొమలు నొప్పి. ఇంకోదానికి ఫోకస్ చక్రం తొడుగులతో తిరగడం లేదు. ఆకుపచ్చ రబ్బరుది మిగిలింది.

రేవులో వానలో నించుని దాంతో చూశాను. అవతలి ఒడ్డున రాయి మీద సముద్రపు డేగ రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ముక్కు మీది నీటిచుక్క కూడా కనిపించింది. చూస్తూనే ఉన్నాను. ఇంత వానలో ఇంత బాగా చూసి ఎన్నాళ్ళయిందో! 

కొత్తవి కదా, బలహీనమైన కళ్ళకి ఊతం ఇస్తున్నాయి అనుకున్నాను. 


అక్టోబర్ 14, సాయంత్రం

ప్లాంట్ బట్టలు ఇంకా మార్చుకోలేదు. ముందు ఇది రాయాలి.

కొనేముందు ఇంకో పరీక్ష చెయ్యమని లూయెల్లా చెప్పింది. నేను పనిచేసే చేపల ప్లాంట్‌లో కోల్డ్ రూమ్ ఉంది. దాని పక్కనే పీతలు ఉడికించే తొట్లు, పైన ఎప్పుడూ ఆవిరే. చలిలో కాసేపు ఉంచి, తీసి ఆవిరి దగ్గర పెట్టు, మంచు పట్టేది బయటా లోపలా అన్నది అక్కడే తేలిపోతుంది అంది.

ఆకుపచ్చదాన్ని పెట్టాను. దాని పక్కన మా పాతదాన్ని కూడా పెట్టాను, ఊరికే, తేడా చూద్దామని.

భోజనాల వేళకి రెండూ తీసి ఆవిరి దగ్గర పట్టుకున్నాను. రెండూ తెల్లబడ్డాయి. ఆప్రాన్ కింది పొడిగుడ్డతో కొత్తదాన్ని తుడిచాను, తేటగా అయింది. పాతదాన్ని తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. ఇంకా గట్టిగా తుడిచాను. మంచు లోపలి వైపు ఉంది. నా వేలికి అందని చోట.

పోయినేడు వేటంతా నేను తుడిచింది బయట.

వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశాను. అంచు దగ్గర రబ్బరు లేచి ఉంది. కింద ఎండిన జిగురు. జిగురు కింద స్క్రూలు, తలలు చెక్కుకుపోయి. కంపెనీవాళ్ళు అలా బిగించరు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు వేసవిలో స్వెర్ వీటిని అడిగి తీసుకెళ్ళాడు. తిరిగిస్తూ, లోపల దుమ్ము నలుసొకటి ఉంది వదినా, విప్పి తుడిచేశా, కొత్తదానిలా చేశా అన్నాడు.

నేను అందుకు యాలకుల రొట్టె చేసి పంపాను. థాంక్స్ అని చెప్పి మరీ పంపాను.


అక్టోబర్ 15

నా కళ్ళు బాగానే ఉన్నాయి. నా కళ్ళు బాగానే ఉన్నాయి.


అక్టోబర్ 18

స్వెర్ షెడ్డుకి వెళ్ళాను. ఎవరిదో బోటు ఇంజిన్ విప్పి కింద పరిచి ఉంది. ఈ దీవిలో ఏది పాడైనా అతని దగ్గరికే వస్తుంది. పంపు, జనరేటర్, చర్చి పొయ్యి. బయటికి పంపితే వచ్చేసరికి నెలలు పడుతుంది కాబట్టి ఇక్కడ అందరం అన్నీ సొంతంగానే విప్పుకుంటాం. విప్పి బిగించడమే మాకు మగతనం. ఆడవాళ్ళకి కూడా.

పాతవి బల్ల మీద పెట్టి, స్క్రూలు చూపించాను. ముందు నవ్వాడు. రెండు స్క్రూలు విప్పితే చూపు పోతుందా వదినా అన్నాడు. గ్యాస్ సంగతి చెప్పాను. పీతల ఆవిరి సంగతి చెప్పాను. నవ్వు ఆగింది. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, అవి అప్పటికే శుభ్రంగా ఉన్నా సరే.

తర్వాత అన్నాడు, నేను మంచికే చేశా కదా అని. అన్నయ్య బతికుంటే తనూ ఇలాగే విప్పేవాడు అన్నాడు. ఆ మాట తగిలింది. ఎందుకంటే నిజం. ఓడ్వార్ అయితే జిగురు ఇంకాస్త ఎక్కువ పూసేవాడు.

కానీ ఓడ్వార్ అయితే ఏడాదంతా ఊరు నన్ను గుడ్డిదంటుంటే పక్కన నించుని తలూపేవాడు కాదు. ఆ మాట అతని మొహం మీదే అన్నాను. మగదో కాదో తెలియనప్పుడు మగదని ఎందుకన్నావు మరి అని గొణిగాడు.

కనిపించింది కనిపించినట్టే చెప్పాను, అబద్ధం నువ్వు బిగించావు అని వచ్చేశాను.


అక్టోబర్ 20

ఆకుపచ్చవి కొన్నాను. లూయెల్లా పాతవాటిని తిప్పి తిప్పి చూసింది. ఇది ఎవరి చేతి పనో ఊరికి చెప్పనా అంది. వద్దన్నాను. స్వెర్ తనంతట తానే చెబుతాడు అనుకున్నాను.


అక్టోబర్ 26

చెప్పలేదు.


అక్టోబర్ 29

స్వెర్ వచ్చాడు. ఈసారి కాఫీ వద్దన్నాడు.

ముందు సీటు నీదే వదినా, ఎప్పటిలాగే, ట్రెంట్ మధ్యలో కూర్చుంటాడు అన్నాడు.  తర్వాత అసలు మాట వచ్చింది. ఆ స్క్రూల సంగతి మాత్రం ఊళ్ళో ఎత్తకు, నా చేతి పని మీదే కదా నా ఇల్లు గడిచేది అన్నాడు. నీకేముంది, కొత్త అద్దాలు కొన్నావు, చూపు మెరుగైందని అందరూ అనుకుంటారు, పడ్డ మాట పోతుంది అన్నాడు.

అంటే నా కళ్ళు చెడ్డవిగానే మిగలాలి. కొత్త అద్దాలు బాగు చేశాయనుకోవాలి. అతని చెయ్యి మాత్రం మంచిదిగా ఉండాలి.

పో అనాల్సింది. తలుపు తీసి, పో అని చూపించాల్సింది.

సరే అన్నాను.

ఆ సీటు కోసం అన్నాను. పొద్దున్నే చల్లటి పెట్రోలు వాసన, ముందు నీళ్ళు, వెనక ఎవరూ మాట్లాడకుండా నా మాట కోసం ఎదురుచూడటం, దాని కోసం అన్నాను. అతను వెళ్ళాక అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాలేదు.


నవంబర్ 3

పోస్టాఫీసు. గన్నార్ నా మెడలో కొత్తవి చూసి, ఓహో, స్వెర్ కొనిచ్చాడా, ఎంత మంచి మరిది అన్నాడు. స్వెర్ పక్కనే స్టాంపులు కొంటున్నాడు. వినిపించింది. వదినకి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అన్నాడు.

కాదని నేను అనలేదు. అంటానేమోనని అతను నా వైపు చూశాడు. అనలేదు. స్టాంపులు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.


నవంబర్ 9

వాన. ముందు సీటు. చలికాలానికి నా ఫ్రీజర్ ఖాళీ, అతనిదీ ఖాళీ.

మలుపు దాటగానే కనిపించింది. ఒడ్డున, నాచు రాళ్ళ మధ్య, తల ఎత్తి నించుంది. మగదే. రెండు కొమ్ములకీ మూడేసి పాయలు. చెవి మీద వాన కూడా కనిపించింది.

స్వెర్ ఇంజిన్ తగ్గించి మెల్లగా అడిగాడు, వదినా, ఏమైనా ఉందా అని.

నువ్వు కొనిచ్చినవేగా, మంచు పట్టింది, ఏం కనిపించడం లేదు అన్నాను.